కార్చిచ్చు తరుముకొస్తే: ఎలా బయటపడాలి, పోయినవాటిని ఎలా తట్టుకోవాలి

కార్చిచ్చు అనగానే చాలామందికి దూరంగా కొండ మీద ఎర్రగా కనిపించే మంట గుర్తొస్తుంది. అది మెల్లగా దిగుతుందని, మన వీధి దాకా వచ్చేలోపు సామాను సర్దుకోవచ్చని అనుకుంటారు. గాలి లేని రోజున అలాగే జరగవచ్చు. గాలి ఉన్న రోజున మాత్రం మంట కంటే ముందు నిప్పురవ్వలు వస్తాయి. మేం కారెక్కి వీధి మలుపు తిరిగేసరికే పక్కింటి కంచె అంటుకుంది. అసలు మంట అప్పటికింకా గుట్ట అవతలే ఉంది. ఆ రాత్రి మా ఇల్లు కాలిపోయింది. మా అత్తయ్య, మా ఆయన, మా అమ్మాయి, నేను, మా పిల్లి, అందరం క్షేమంగా బయటపడ్డాం.

ఆ తర్వాత ఈ విషయం గురించి చాలా చదివాను. ఇల్లు పోగొట్టుకున్న చాలామందితో మాట్లాడాను. అడిగినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాను: బయటపడటం ఎంత తొందరగా జరగాలో, ఆ తర్వాత తీసుకునే నిర్ణయాలు అంత నెమ్మదిగా జరగాలి. తొందరగా కదలాలంటే ఆ రోజు ఆలోచించాల్సిన పని మిగలకూడదు. ఆలోచనంతా ఏ హడావుడీ లేని రోజునే అయిపోవాలి.

మంట ఎంత వేగంగా వస్తుంది

2018 నవంబర్ 8 ఉదయం ఆరున్నర ప్రాంతంలో కాలిఫోర్నియాలోని పుల్గా అనే చోట కరెంటు తీగల దగ్గర మంట పుట్టింది. దాన్నే క్యాంప్ ఫైర్ అంటారు. ఎనిమిది గంటలకల్లా అది ప్యారడైజ్ పట్టణంలోకి వచ్చేసింది. 85 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది 65 ఏళ్ళు దాటినవాళ్ళు. 2021 డిసెంబర్ 30న కొలరాడోలోని బౌల్డర్ కౌంటీలో మార్షల్ ఫైర్ వచ్చింది. అది వేసవి కాదు, అక్కడ దట్టమైన అడవీ లేదు. ఎండిన గడ్డి ఉంది, గంటకు 160 కిలోమీటర్లు దాటిన గాలి ఉంది. కొన్ని గంటల్లో వెయ్యికి పైగా ఇళ్ళు పోయాయి. "మా చుట్టుపక్కల అడవే లేదు కదా" అనేవాళ్ళకి నేను ఈ సంగతే చెబుతాను.

మధ్యలో పెద్ద రోడ్డు ఉంది, వాగు ఉంది అన్న ధైర్యం కూడా వద్దు. 2017 అక్టోబర్‌లో టబ్స్ ఫైర్ కాలిఫోర్నియాలోని సాంటా రోసాలో ఆరు లేన్ల హైవేని దాటి అవతలి కాలనీలను కాల్చేసింది. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో బ్లాక్ సాటర్డే మంటలు 173 మందిని బలి తీసుకున్నాయి. అప్పుడు రవ్వలు 30 కిలోమీటర్లకు పైగా ఎగిరి కొత్త మంటలు రాజేశాయి. ఇక మీ ఇల్లు ఎత్తు మీద ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. మంట ఎగువకు పాకేటప్పుడు, వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ దాని వేగం దాదాపు రెట్టింపు అవుతుంది.

ఎప్పుడు కదలాలో ముందే తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. మంట కనిపించాక ఇంట్లో నలుగురు కూర్చుని "వెళ్దామా, ఇంకాసేపు చూద్దామా" అని మాట్లాడుకోకూడదు. ఒకరు కంగారుపడతారు, ఒకరు ధైర్యం చెబుతారు, ఆ మాటల్లోనే అరగంట పోతుంది. మా ఇంట్లో ముందే ఒక నియమం పెట్టుకున్నాం. అత్తయ్య వాకర్ పట్టుకుని నడుస్తారు, కారు ఎక్కాలంటే ఆవిడకి టైం పడుతుంది. అందుకని ఖాళీ చేయమనే ఆదేశం కోసం ఆగం, మొదటి హెచ్చరికకే కదులుతాం అనుకున్నాం. రాత్రిపూట గాలి ఉండి పొగ వాసన వస్తే ఆ హెచ్చరిక కోసం కూడా ఆగం. ఎవరు "వెళ్దాం" అన్నా మిగతావాళ్ళు ఎదురు చెప్పకూడదు. ఈ చివరి షరతు మా ఆయన పెట్టారు. దానివల్లే ఆ రోజు వాదన లేకుండా బయటపడ్డాం.

హెచ్చరికల పేర్లు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికాలో చాలాచోట్ల మొదట వార్నింగ్, తర్వాత ఆర్డర్ ఇస్తారు. కొన్ని రాష్ట్రాల్లో లెవెల్ 1, 2, 3 అంటారు. 3 అంటే ఉన్నపళంగా వెళ్ళిపొమ్మని. ఆస్ట్రేలియాలో అడ్వైస్, వాచ్ అండ్ యాక్ట్, ఎమర్జెన్సీ వార్నింగ్ అని మూడు మెట్లు ఉంటాయి. అక్కడ అగ్ని ప్రమాద స్థాయి కటాస్ట్రాఫిక్, అంటే అన్నిటికంటే పై స్థాయి, అని ప్రకటించిన రోజున మంట ఇంకా పుట్టకముందే ఆ ప్రాంతం వదిలి వెళ్ళమంటారు. మీరుండే చోట ఏ మాట వాడతారో, ఏ మాటకి అర్థమేమిటో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. పిల్లలకీ, పెద్దవాళ్ళకీ కూడా. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్నవాళ్ళు, పశువులు ఉన్న ఇళ్ళు మొదటి మెట్టు దగ్గరే కదలాలని నా గట్టి అభిప్రాయం.

హెచ్చరిక వస్తుందన్న భరోసా కూడా లేదు. 2023 ఆగస్టు 8న హవాయిలోని లహైనాలో సైరన్లు మోగనే లేదు. ఫోన్ సిగ్నళ్ళు పోయాయి, కూలిన కరెంటు స్తంభాలు దారులు మూసేశాయి. కొందరు సముద్రంలోకి దూకి ప్రాణాలు దక్కించుకున్నారు. వందమందికి పైగా చనిపోయారు. 2025 జనవరి 7న లాస్ ఏంజెలిస్ దగ్గర ఈటన్ ఫైర్ సాయంత్రమే మొదలైంది. అయినా పశ్చిమ ఆల్టడీనాని ఖాళీ చేయమన్న ఆదేశం తెల్లవారుజామున మూడు దాటాక గానీ రాలేదు. ఆ మంటల్లో చనిపోయినవాళ్ళలో దాదాపు అందరూ ఆ పశ్చిమ భాగం వాళ్ళే. అందుకే ఫోన్ మోగలేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకోకండి. ఆకాశం రంగు, గాలి వీచే దిక్కు, ముంగిట్లో పడే బూడిద కూడా హెచ్చరికలే.

తలుపు వెనక కాగితం

మా ఇంట్లో గదికొక సలహా, మనిషికొక జాబితా ఉండేవి కావు. వీధి తలుపు లోపలివైపు ఒకే కాగితం అంటించి ఉండేది. దాని మీద మూడు వరుసలు: అయిదు నిమిషాలుంటే, పావుగంట ఉంటే, గంట ఉంటే. అయిదు నిమిషాల వరుసలో మనుషులు, పిల్లి, మందుల డబ్బా, కళ్ళజోళ్ళు, అత్తయ్య వినికిడి మిషన్, ఫోన్లు, తలుపు పక్కన ఉన్న బ్యాగ్. అంతే. పావుగంట వరుసలో లాప్‌టాప్, హార్డ్ డిస్క్, అమ్మ చేతిరాత ఉన్న నోటు పుస్తకం, గోడ మీది రెండు ఫోటోలు, రెండు రోజుల బట్టలు. గంట వరుసలో ఉన్నవి మాకు అవసరం పడలేదు, అంత టైం దొరకలేదు.

ఆ జాబితాని రోజూ చూసే చోట పెట్టండి. గాభరాలో బుర్ర పనిచేయదు. అలాంటప్పుడు మనుషులు చేతికందింది పట్టుకుని బయటికి వస్తారు. పాస్‌పోర్ట్ ఇంట్లో వదిలేసి టీవీ రిమోట్ పట్టుకొచ్చిన ఒకావిడతో నేను మాట్లాడాను. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు, భయంలో ఎవరికైనా అలాగే అవుతుంది. కాగితం ఉంటే చదివి, తీసుకుని, బయటికి నడవడమే పని.

తలుపు పక్కన ఉండే బ్యాగ్‌లో వారానికి సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్ కాపీలు, ఛార్జర్లు, పవర్ బ్యాంకు, టార్చిలైటు, బ్యాటరీతో పనిచేసే రేడియో, కొంత నగదు, నీళ్ళు, ఎన్95 మాస్కులు పెట్టుకోండి. కరెంటు పోతే కార్డులు పనిచేయవు కాబట్టి నగదు ఉండాల్సిందే. పాస్‌పోర్టులు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు, ఇన్సూరెన్స్ పాలసీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో దాచండి. వేరే ఊళ్ళో ఉన్న నమ్మకమైన మనిషికి ఒక కాపీ పంపండి. అలాగే ఫోన్ తీసుకుని ఇల్లంతా ఒకసారి వీడియో తీయండి. బీరువాలు, డ్రాయర్లు, వంటింటి అరలు తెరిచి మరీ తీయండి. వస్తువు పేరు, కొన్న సంవత్సరం నోటితో చెబుతూ తీస్తే ఇంకా మంచిది. దీనికి గంట కూడా పట్టదు. తర్వాత ఇది ఎంత పనికొస్తుందో కింద చెబుతాను.

ఎవరికీ తట్టని సంగతి గ్యారేజీ తలుపు. కరెంటు పోతే మోటారు తలుపు లేవదు. 2017లో కాలిఫోర్నియా మంటల్లో గ్యారేజీ తలుపు ఎత్తలేక కొందరు చనిపోయారు. ఆ తర్వాతే 2019 నుంచి అక్కడ కొత్తగా బిగించే ఆటోమేటిక్ తలుపులకి బ్యాటరీ ఉండి తీరాలని చట్టం వచ్చింది. మామూలుగా మోటారు దగ్గర ఎర్ర పిడి ఉన్న తాడు ఒకటి వేలాడుతుంటుంది. అది లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది, అప్పుడు చేత్తో ఎత్తవచ్చు. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒకసారైనా చేసి చూడాలి. మా అమ్మాయికి ఆ పిడి అందేది కాదని దానికి ఇంకో తాడు ముడివేశాం. గాలి హెచ్చరిక ఉన్న రోజుల్లో కారుని గ్యారేజీలో పెట్టకుండా, ముందు భాగం రోడ్డువైపు ఉండేలా బయట నిలిపేవాళ్ళం. పెట్రోలు సగం ట్యాంకు కంటే తగ్గనిచ్చేవాళ్ళం కాదు. ఎలక్ట్రిక్ కారైతే ఆ ముందు రాత్రే ఛార్జ్ పెట్టేయాలి.

పిల్లులు మన హడావుడి చూసి మంచం కిందికి దూరిపోతాయి. మా పిల్లి బోనుని ఎప్పుడూ హాల్లోనే తెరిచి ఉంచి, అది పడుకునే దుప్పటిని అందులో వేశాం. గాలి రోజుల్లో పడకగదుల తలుపులు మూసేసేవాళ్ళం. అందుకే ఆ రోజు దాన్ని వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. ఆవులు, గుర్రాలు ఉన్నవాళ్ళు వాటిని అందరికంటే ముందే తరలించాలి. ఆ వీలు లేకపోతే కట్లు విప్పి, గడ్డి తక్కువగా ఉన్న ఖాళీ చోటికి వదలండి. కట్టేసి మాత్రం వెళ్ళకండి.

దారులు కనీసం రెండు తెలిసి ఉండాలి. రెండింటిలోనూ ఒకసారి నిజంగా కారు నడిపి చూడాలి, ఒకసారి రాత్రిపూట కూడా. 2017 జూన్ 17న పోర్చుగల్‌లోని పెద్రోగావ్ గ్రాండెలో 66 మంది చనిపోతే, వాళ్ళలో సగానికి పైగా తప్పించుకుని వెళ్తూ ఒకే రోడ్డు మీదా దాని చుట్టుపక్కలా చిక్కుకున్నవాళ్ళు. గ్రీసులోని మాటిలో 2018 జూలై 23న ఇరుకు సందుల్లో కార్లు ఇరుక్కుపోయాయి, వందమందికి పైగా చనిపోయారు. ఆలస్యంగా బయలుదేరితే రోడ్డే ప్రమాదం అవుతుందని ఈ రెండు చోట్లా తెలిసింది. తొందరగా వెళ్ళమని నేను ఇంతగా పోరు పెట్టేది అందుకే.

ఆ రోజు

ముందు బట్టలు మార్చుకోండి. ఎండగా ఉన్నా పూర్తి చేతుల కాటన్ చొక్కా, జీన్స్ లాంటి మందపాటి ప్యాంటు, తోలు బూట్లు వేసుకోవాలి. నైలాన్, పాలిస్టర్ వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. జుట్టు కట్టుకుని తలకి టోపీ గానీ కాటన్ గుడ్డ గానీ పెట్టుకోండి. పొగకి మాస్కు. తడి రుమాలు కట్టుకుంటే పొగలోని విషవాయువులు ఆగవు.

టైం ఉంటేనే ఇంటి సంగతి. కిటికీలు, తలుపులు అన్నీ మూయండి, గదుల మధ్య తలుపులు కూడా. గ్యాస్ కట్టేయండి. సోఫాలు, పరదాలు కిటికీలకి దూరంగా గది మధ్యకి లాగండి. వరండాలో ఉన్న కుర్చీ మెత్తలు, కాళ్ళు తుడుచుకునే పట్టాలు, చీపుర్లు లోపల పడేయండి. ఇళ్ళు ఎక్కువగా అంటుకునేది రవ్వలు ఇలాంటి చిన్న చిన్న వాటి మీద పడటం వల్లే. లైట్లు వేసి ఉంచితే పొగలో ఇల్లు కనిపిస్తుంది. తోటకి నీళ్ళు పెట్టి వదిలేసి వెళ్ళకండి, ఫైర్ ఇంజన్లకి అందాల్సిన నీటి ఒత్తిడి తగ్గిపోతుంది. గొట్టం పట్టుకుని పైకప్పు తడుపుతూ నిలబడాలని కొందరికి అనిపిస్తుంది. ఆ గొట్టంలో నీళ్ళు ఎంతసేపు వస్తాయో ఎవరికీ తెలియదు. అది వద్దు.

ఇంటివాళ్ళందరూ ఒకే కారులో పడితే ఒకే కారులో వెళ్ళండి. రెండో కారు కూడా దక్కించుకుందామని ప్రతి ఇంటివాళ్ళూ అనుకోవడం వల్లే రోడ్డు నిండిపోతుంది. పక్కింట్లో కారు లేని పెద్దవాళ్ళుంటే ఆ ఖాళీ సీటు వాళ్ళకి ఇవ్వండి. హెడ్‌లైట్లు వేయండి, అద్దాలు ఎత్తండి, బయటి గాలి లోపలికి రాకుండా ఏసీ మీట మార్చండి. కూలిన కరెంటు తీగలకి కనీసం 10 మీటర్ల దూరం పాటించండి. మ్యాప్ యాప్ ఖాళీగా ఉందని చూపించే దారి మంటవైపు వెళ్ళేదే కావచ్చు. పోలీసులు చూపిన దారికే వెళ్ళండి. కారు వదిలి నడవాల్సి వస్తే దాన్ని రోడ్డు పక్కకి తీసి, తాళంచెవి అందులోనే ఉంచండి. 2025లో లాస్ ఏంజెలిస్‌లోని పాలిసేడ్స్‌లో జనం వదిలి వెళ్ళిన కార్లు దారికి అడ్డం పడితే బుల్‌డోజర్‌తో పక్కకి నెట్టాల్సి వచ్చింది.

ఎటూ వెళ్ళలేక చిక్కుకుంటే? ఇది ఎవరికీ రాకూడదని కోరుకుంటాను, కానీ తెలిసి ఉండాలి. చెట్లు, గడ్డి లేని విశాలమైన చోటు చూడండి. పెద్ద పార్కింగ్ స్థలం, కంకర పరిచిన మైదానం, అప్పటికే కాలిపోయిన నేల. ప్యారడైజ్‌లో వందల మంది ఇలాంటి పార్కింగ్ స్థలాల్లోనే బతికి బయటపడ్డారు. కారు ముందు భాగం మంట వచ్చే దిక్కుకి తిప్పి ఆపండి. లైట్లన్నీ వేసి ఉంచండి, అద్దాలు, గాలి రంధ్రాలు మూయండి, కిటికీ మట్టం కిందికి వంగి ఉన్ని దుప్పటి కప్పుకోండి. చంపేది ఎక్కువగా మంట నుంచి వచ్చే సెగే. కారు రేకు, దుప్పటి ఆ సెగని కొంత ఆపుతాయి. మంట ముందు వరస దాటి వెళ్ళేదాకా దిగకండి. కాలినడకన ఉంటే ఎగువకి పరుగెత్తకండి. గుంటలోనో కాలువలోనో బోర్లా పడుకుని ముఖం కప్పుకోండి. పైకి ఎత్తిన నీళ్ళ ట్యాంకుల్లోకి దిగకండి, నీళ్ళు కాగిపోతాయి.

మొదటి రోజులు

క్షేమంగా ఉన్నామని ముందుగా అనుకున్న ఒక్క మనిషికి మెసేజ్ పెట్టండి, మిగతావాళ్ళకి ఆ మనిషే చెబుతారు. కాల్స్ కలవకపోయినా మెసేజ్ వెళ్తుంది. షెల్టర్‌కి వెళ్ళకపోయినా అక్కడ పేరు నమోదు చేయించుకోండి, మీ కోసం వెతికేవాళ్ళకీ, తర్వాత వచ్చే సాయానికీ అది ఆధారం.

ఇల్లు ఉందా పోయిందా అని తెలియని గంటలు చాలా కష్టం. ఆ టెన్షన్‌లో వీడియోల్లో మన వీధి కనిపిస్తుందేమో అని రాత్రంతా ఫోన్ చూస్తూ ఉంటాం. మా ఇంట్లో ఆ పని మా ఆయన ఒక్కరే చేశారు. పాప ఎదురుగా చూడలేదు. పిల్లలు అడిగితే నిజమే చెప్పండి, వాళ్ళ వయసుకి తగ్గట్టు. "ఇల్లు కాలిపోయింది. మనం అందరం ఉన్నాం. ఈ రాత్రి ఇక్కడ పడుకుంటాం, రేపు కూడా ఇక్కడే ఉంటాం." మా అమ్మాయికి ఆ రేపటి మాటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

అధికారులు అనుమతి ఇచ్చేదాకా తిరిగి వెళ్ళకండి. వెళ్ళినప్పుడు ఆ బూడిద మామూలు బూడిద అనుకోవద్దు. కాలిన ఇళ్ళ బూడిదలో సీసం, ఆర్సెనిక్, ఆస్బెస్టాస్, బ్యాటరీల రసాయనాలు ఉంటాయి. మాస్కు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు, పొడవు చేతుల బట్టలు, గట్టి బూట్లు వేసుకుని వెళ్ళండి. ఆ బట్టలు కారెక్కే ముందే విప్పి సంచిలో మూట కట్టండి. చిన్నపిల్లల్ని, గర్భిణుల్ని తీసుకెళ్ళకండి. చెట్ల వేళ్ళు నేల లోపల ఇంకా కాలుతూ ఉండవచ్చు, పైన బూడిద చల్లగా కనిపించినా కాలు కిందికి దిగబడుతుంది. ఇనప్పెట్టె దొరికితే వెంటనే తెరవకండి. లోపల వేడి గంటల తరబడి నిలిచి ఉంటుంది, తలుపు తీసి గాలి తగిలితే కాగితాలు అప్పుడే భగ్గుమంటాయి.

ఇల్లు నిలబడినవాళ్ళు కూడా కుళాయి నీళ్ళ గురించి అడిగి తెలుసుకోవాలి. సాంటా రోసాలో, ప్యారడైజ్‌లో మంటల తర్వాత తాగునీటి పైపుల్లో బెంజీన్ కనిపించింది. మరిగిస్తే అది పోదు. పరీక్షించి సరే అన్నాకే తాగండి. వేడికి గురైన మందులు, ఫ్రిజ్‌లోని తిండి పారేయండి.

పోయినవాటి జాబితా

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు మొదటి రోజే క్లెయిమ్ నమోదు చేయించి, తాత్కాలికంగా ఉండటానికి అయ్యే ఖర్చుకి అడ్వాన్స్ అడగండి. చాలా పాలసీల్లో ఇంటి డబ్బుతో సంబంధం లేకుండా దీనికి వేరే మొత్తం ఉంటుంది. పాలసీ పూర్తి కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ప్రతి రశీదు దాచండి. ప్రతి కాల్ తర్వాత ఒక నోటు పుస్తకంలో తేదీ, మాట్లాడిన మనిషి పేరు, ఏమన్నారో రాయండి. మా కేసు చూసే ఉద్యోగి మధ్యలో మారిపోయినప్పుడు ఆ పుస్తకమే మమ్మల్ని కాపాడింది, కొత్తాయనకి పాత మాటలేవీ తెలియవు. ఇల్లు కాలినా ఇంటి లోను ఆగదు, కాబట్టి బ్యాంకుకి కూడా వెంటనే ఫోన్ చేసి వాయిదాల మీద గడువు అడగండి.

ఇక్కడి నుంచి తొందర వద్దు. "ఇది ఫైనల్" అన్న కాగితం మీద మొదటి వారాల్లో సంతకం చేయకండి. ఇంటిని కట్టిస్తామని మొత్తం డబ్బు ముందే అడిగేవాళ్ళకి ఇవ్వకండి. స్థలం అమ్మేయమని తిరిగేవాళ్ళు కూడా వస్తారు, వాళ్ళకి జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. ప్రభుత్వ సాయానికి పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించినా అక్కడితో వదిలేయకండి. అమెరికాలో విపత్తు సాయం చూసే కేంద్ర సంస్థ ఫీమా నుంచి తిరస్కరణ చాలాసార్లు ఒక కాగితం తక్కువైనందుకే వస్తుంది, 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు.

వస్తువుల జాబితా రాయడం అన్నిటికంటే కష్టమైన పని. ఒక్కో గదిని తలుచుకుని, ఒక్కో అర తెరిచినట్టు ఊహించుకుని, ఏమున్నాయో, ఎప్పుడు కొన్నామో, ఎంతకి కొన్నామో రాయాలి. కళ్ళు మూసుకుని తలుపు దగ్గర నిలబడినట్టు ఊహించుకుని ఎడమవైపు నుంచి మొదలుపెట్టమని ఒకావిడ చెప్పారు, నిజంగా పనిచేసింది. ముందు తీసిన వీడియో ఉంటే సగం పని తగ్గుతుంది. లేకపోతే ఆన్‌లైన్ ఆర్డర్ల పాత ఈమెయిళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బంధువుల ఫోన్లలో మీ ఇంట్లో తీసిన ఫోటోలు వెతకండి. పుట్టినరోజు ఫోటోలో వెనక కనిపించే బీరువా కూడా సాక్ష్యమే. చిన్నవాటిని వదలకండి. చెంచాలు, హ్యాంగర్లు, తువ్వాళ్ళు, మందుల షాపు సామాను అన్నీ కలిస్తే పెద్ద మొత్తమే అవుతుంది.

కానీ ఆ పని ఒక్కరోజులో చేయకండి. మేం రోజుకి ఒక గది, అదీ గంటకి మించకుండా రాశాం. పాప గది దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు, మా చెల్లెలు రాసింది. నేను పక్కన కూర్చుని చెబుతుంటే టైపు చేసింది. మధ్యలో ఏడుపు వస్తే ఆపేశాం. ధర కట్టలేనివాటికి నేను వేరే పేజీ పెట్టుకున్నాను. తలుపు చట్రం మీద పాప ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, మామయ్యగారి చేతి గడియారం, పెరట్లో నేను నాటిన మొక్క. దాన్ని ఎవరికీ పంపక్కర్లేదు. అయినా రాయడం అవసరమైంది.

దుఃఖం

"వస్తువులే కదా పోయాయి, ప్రాణాలు దక్కాయి" అని చాలామంది అంటారు. ప్రేమతోనే అంటారు. ప్రాణాలు దక్కినందుకు మీకు ఎంత కృతజ్ఞత ఉన్నా, ఇల్లు పోయినందుకు దుఃఖం కూడా ఉంటుంది. రెండూ ఒకే గంటలో ఉంటాయి, ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని అణచుకోవద్దు. అత్తయ్య మొదటి రోజుల్లో గట్టిగానే ఉన్నారు. కొత్త అద్దె ఇంట్లో రాత్రి లేచి స్విచ్ కోసం గోడ తడుముతూ, అది పాత ఇంట్లో ఉన్న చోట లేదని గుర్తొచ్చి ఏడ్చారు. చీకట్లో కూడా తెలిసిన ఇల్లు పోయిందన్న బాధ అది. ఆవిడ గదిలో మేం వెంటనే చేసింది స్విచ్ పక్కన చిన్న రాత్రి దీపం పెట్టడం, మంచాన్ని పాత ఇంట్లో ఉన్న దిక్కుకే వేయడం.

నిద్ర పట్టకపోవడం, పొగ వాసనకి గుండె దడ, గాలి వీస్తే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళడం, చిన్నదానికి చిరాకు, మతిమరుపు, ఇవన్నీ మామూలే. వారాలు గడిచినా తగ్గకపోతే, రోజువారీ పనులు చేసుకోలేకపోతే, బతకాలనిపించకపోతే డాక్టర్‌ని గానీ కౌన్సెలర్‌ని గానీ కలవండి. క్యాంప్ ఫైర్ తర్వాత ఆ ప్రాంతంలో పరిశోధకులు ఆందోళన, కుంగుబాటు, మంటల జ్ఞాపకాల వల్ల వచ్చే మానసిక సమస్యలు ఎక్కువగా ఉన్నట్టు గుర్తించారు. బ్లాక్ సాటర్డే బాధితుల్ని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి గమనించారు. ఎక్కువమంది కోలుకున్నారు, కొందరికి మాత్రం ఏళ్ళు గడిచినా బాధ తగ్గలేదు. చుట్టూ మనుషులు, ఊరి సంఘాలతో సంబంధం ఉన్నవాళ్ళు మెరుగ్గా ఉన్నారు. నా అనుభవం కూడా అదే చెబుతుంది. మా వీధివాళ్ళం చెల్లాచెదురైనా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ అడ్జస్టర్ల గురించి, పర్మిట్ల గురించి ఎంత మాట్లాడుకున్నామో, అర్ధరాత్రి నిద్ర పట్టక అంత మాట్లాడుకున్నాం.

ఆ గ్రూపులో ఇల్లు మిగిలినవాళ్ళు కొన్నాళ్ళు నోరు విప్పలేదు. తమకు బాధపడే హక్కు లేదనుకున్నారట. వాళ్ళూ పొగ పట్టిన ఇంట్లో, చుట్టూ ఖాళీ స్థలాల మధ్య బతుకుతున్నారు. మీ వీధిలో అలాంటివాళ్ళుంటే మీరే ముందు పలకరించండి.

పిల్లలు మాటల్లో చెప్పరు. బొమ్మ ఇల్లు కట్టి తగలబెట్టే ఆట ఆడవచ్చు, మళ్ళీ పక్క తడపవచ్చు, బ్యాగ్ సర్దుకుని పడుకోవచ్చు. మా అమ్మాయి చాలా రోజులు బూట్లు మంచం పక్కనే పెట్టుకుంది. మేం వద్దనలేదు. వేళకి తిండి, వేళకి నిద్ర, అదే బడి, అదే స్నేహితులు, వీలైనంతవరకు ఇవి మారకుండా చూశాం. మళ్ళీ మంట వస్తే బయటపడటానికి వేసుకున్న కొత్త ప్లాన్‌లో తనకీ ఒక పని ఇచ్చాం. పిల్లి బోను తన బాధ్యత.

ఇల్లు పోయిన స్నేహితులకి సాయం చేయాలనుకునేవాళ్ళు "ఏం కావాలన్నా అడుగు" అనకుండా ఒక పని పట్టుకుని చేయండి. అడగడానికి కూడా ఓపిక ఉండదు వాళ్ళకి. ఇన్సూరెన్స్ కంపెనీకి కాల్ చేసి హోల్డ్‌లో కూర్చోండి. పాత బట్టల మూట పంపే ముందు సైజులు అడగండి. మీ ఫోన్‌లో వాళ్ళ ఇల్లు, వాళ్ళ పెళ్ళి, వాళ్ళ పిల్లలు ఉన్న ఫోటోలన్నీ వెతికి పంపండి, వాళ్ళ దగ్గర అవి ఇక లేవు. మొదటి నెలలో అందరూ వస్తారు. ఆరో నెలలో, ఏడాది తిరిగే రోజున, మళ్ళీ గాలి హెచ్చరిక వచ్చిన రాత్రి ఫోన్ చేయండి. అద్దె కట్టుకోవడానికి ఇన్సూరెన్స్ ఇచ్చే డబ్బు ఇంకెన్నాళ్ళు ఉంటుందో, ఇంకా పూర్తికాని కాగితాలు ఏమున్నాయో అడిగి, ఒకరోజు వాళ్ళతో కూర్చుని అవి పూర్తి చేయించండి.